అటక మీది గిటారుకు శ్రుతి దేనికి?

ఈసారి ఉత్తరం రాసినాయనకు 43 ఏళ్ళు. పేరు వేయవద్దన్నారు. ఉద్యోగం ఉంది, ఇల్లు సజావుగా నడుస్తోంది, భార్యతోనూ పదమూడేళ్ళ కూతురితోనూ పేచీలేమీ లేవు. "ఇదీ ఒక బాధేనా అని మీరు నవ్వుతారేమో" అంటూ మొదలుపెట్టి నాలుగు పేజీలు రాశారు. ఆ నాలుగు పేజీల సారం ఇది: ఆయన సరదాపడి ఏది మొదలుపెట్టినా అయిదు నెలలు దాటి నిలవడం లేదు.

మొదటిది గిటారు. నాలుగేళ్ళ కిందట కొన్నారు. వీడియోలు చూస్తూ ఒక్కరే నేర్చుకున్నారు. సి, జి, డి, ఎ మైనర్ కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించే పట్లు) వచ్చాయి. రెండు పాటలు నెమ్మదిగానైనా వాయించగలిగారు. ఎఫ్ కార్డు దగ్గర బండి ఆగిపోయింది. చూపుడు వేలు పడుకోబెట్టి ఎంత నొక్కినా సగం తీగలు మోగవు, మోగినవి జరజరమంటాయి. రెండు నెలలు దాంతోనే కుస్తీ పట్టి, అయిదో నెలలో గిటారును అటకెక్కించారు.

రెండోది ఇంట్లో బ్రెడ్ చెయ్యడం. ఆవెన్, అచ్చులు, పిండి కలిపే మిషన్ అన్నీ వచ్చాయి. ప్రతిసారీ ఒకటే కొలత: 3 కప్పుల పిండి, 280 మిల్లీలీటర్ల నీళ్ళు. మొదటి రెండూ మెత్తగా, గుల్లగా వచ్చాయి. మూడోది ఇటుక. నాలుగోది పర్వాలేదు. అయిదోది పైన ఎర్రగా కాలింది, ఆత్రం ఆగక వేడిగా కోస్తే లోపల బంక. ఏడు ఆదివారాలయ్యాక అచ్చులు కడిగి లోపల పెట్టేశారు.

మూడోది షటిల్. ఆఫీసు మిత్రులు పొద్దున్నే ఆడతారంటే చేరారు. పెద్ద ఆటగాళ్ళు వాడే రకం రాకెట్, దానికి 28 పౌండ్ల బిగింపుతో తీగలు, ప్రత్యేకమైన బూట్లు. నాలుగో నెలలో మోచేతి బయటివైపు నొప్పి పట్టుకుంది. నొప్పి తగ్గాక కూడా మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు టెలిస్కోప్. నెల కిందట ఒక స్నేహితుడింట్లో శనిగ్రహాన్ని చూశారట. "ఫొటోల్లో చూసిన బొమ్మ నిజంగా ఆకాశంలో వేలాడుతోంది" అని రాశారు. అప్పట్నుంచీ రోజూ రాత్రి అద్దాల గురించీ స్టాండ్ల గురించీ చదువుతున్నారు. ఒకటి ఎంచి ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టి ఉంచారు కూడా. భోజనాల దగ్గర ఆ మాట మెల్లగా కదిపితే భార్య నవ్వి, "ఇది కూడా మూణ్ణాళ్ళ ముచ్చటేగా" అన్నారు. కూతురు, "నాన్నా, అటక మీద చోటు లేదు" అంది. ఈయనా నవ్వేశారు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆయన ప్రశ్న ఇది: "నేను ఆరంభశూరుణ్ణే అని ఒప్పేసుకుని ఇకమీదట దేని జోలికీ పోకుండా ఉండనా? లేక పాతవాటిలో ఒకటి పూర్తి చేసేదాకా కొత్తది ముట్టకూడదని నియమం పెట్టుకోనా?"

ఉత్తరం చివర, సంతకం ఉండాల్సిన చోట ఇంకో వాక్యం ఉంది: "వాయించను గానీ నెలకోసారి గిటారు దించి, శ్రుతి చేసి, మళ్ళీ పైన పెడతాను. ఎందుకో తెలీదు."

*

మీ ఉత్తరాన్ని నేను ఆ చివరి వాక్యం నుంచి వెనక్కి చదివాను. మీరూ అలా ఒకసారి చదివి చూడండి. ఆసక్తి చచ్చిపోయినవాడు గిటారుకు శ్రుతి చెయ్యడు. దుమ్ము కూడా తుడవడు. మీరు మూడేళ్ళకు పైగా నెలనెలా నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నారు. అంటే నలభై సార్లయినా అయ్యుంటుంది. ఏ పనీ అయిదు నెలలకు మించి చెయ్యలేనని నాలుగు పేజీలు రాసిన మనిషి మూడేళ్ళుగా మానకుండా చేస్తున్న పని ఒకటుందన్నమాట. దాన్ని మీరు లెక్కలో వేసుకోలేదు.

ముందు మీ ప్రశ్నలోని ఒక మాట దగ్గర ఆగుదాం. "పూర్తి చేసేదాకా" అన్నారు. గిటారు పూర్తి చెయ్యడమంటే ఏమిటి? ఎన్ని పాటలొస్తే పూర్తయినట్టు? బ్రెడ్ ఎన్నోది కాల్చాక చాలించవచ్చు? ఆఫీసు పనికి గడువుంటుంది, అప్పజెప్పడం ఉంటుంది. సరదాకు అవేవీ ఉండవు. ఆఫీసు కొలబద్ద తెచ్చి సరదాకు పెడితే ఎవరైనా తక్కువే తూగుతారు. నా అల్మారాలో ఒక స్వెటర్ ఉంది, దానికి ఒక్క చెయ్యే ఉంది. రెండో చెయ్యి అల్లుతానో లేదో నాకే తెలీదు. ఆ ఒక్క చెయ్యి అల్లిన చలికాలం మాత్రం హాయిగా గడిచింది.

అలాగని మీ బాధ ఉత్తదేనని తేల్చెయ్యను. మీ మూడు కథల్లోనూ ఒక పోలిక ఉంది. మీరనుకుంటున్నది మాత్రం కాదు. పట్టుదల లేకపోవడం కాదది. ఎఫ్ కార్డుతో రెండు నెలలు కుస్తీ పట్టినవాడికి పట్టుదల లేదని ఎలా అంటాను? నాకు కనిపించిన పోలిక ఏమిటంటే, మూడుచోట్లా చిక్కు వచ్చినప్పుడు మీరు ఎవరినీ అడగలేదు. తెలిసినవాళ్ళు గంటలో విప్పగలిగే చిక్కును పట్టుకుని, అది మీ స్వభావం మీద తీర్పు అనుకున్నారు. "ఇది ఎందుకు రావట్లేదు" అని అడగాల్సిన చోట "నాకు రాదు" అనేసుకున్నారు. ఆ గంట పని నేనిక్కడ కొంత చెయ్యగలనేమో చూస్తాను.

గిటారుతో మొదలుపెడదాం. ఎఫ్ దగ్గర ఆగనివాళ్ళు అరుదు. ఆ కార్డు నిజంగానే కష్టం, దానికి కారణం ఉంది. గిటారు మెడ చివర తీగలు ఆనుకునే ముక్కను నట్ అంటారు కదా. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో మొదటిది, అంటే మొదటి ఫ్రెట్, దానికి దగ్గరలోనే ఉంటుంది. అక్కడ తీగ వంగడానికి చోటు తక్కువ, అందుకే ఎక్కువ బలం పట్టాలి. అదే ఆకారాన్ని అయిదో ఫ్రెట్ దగ్గర పట్టి చూడండి. అక్కడది ఎ మేజర్ కార్డు అవుతుంది. అక్కడ శుభ్రంగా మోగి, మొదటి ఫ్రెట్ దగ్గర మోగకపోతే లోపం మీ వేళ్ళది కాదు. నట్‌లో గాళ్ళు తగినంత లోతు లేవని చాలామటుకు చెప్పుకోవచ్చు. కొత్తగా కొన్న గిటార్లలో ఇది మామూలే. రెండుచోట్లా మోగకపోతే తీగలు మొత్తంగా ఎత్తులో ఉన్నాయేమో చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉంటే చేతికి హాయి. నాలుగు ఉంటే బాగా వాయించేవాళ్ళకు కూడా చెయ్యి నొప్పి పుడుతుంది. గిటార్లు బాగుచేసేవాళ్ళు ఈ రెండింటినీ సరిచేసి ఇస్తారు. దాన్నే సెటప్ అంటారు.

వేలి సంగతి. మీరు చూపుడు వేలితో ఆరు తీగలనూ ఒకే బలంతో నొక్కాలని చూస్తున్నట్టున్నారు. నిజానికి ఎఫ్‌లో ఆ వేలు మోగించాల్సినవి మూడే: అన్నిటికన్నా లావైనది, అన్నిటికన్నా సన్నవి రెండు. మధ్యలో మూడింటినీ మిగతా వేళ్ళు చూసుకుంటాయి. వేలిని బల్లపరుపుగా కాకుండా కాస్త పక్కకు, ఎముక ఉన్న వైపుకు వాల్చండి. అప్పటికీ కాకపోతే సన్నని నాలుగు తీగలతో చిన్న ఎఫ్ పట్టండి. పాటకు అది చాలు. ఇంకో దారి కూడా ఉంది. ఆరు తీగలనూ అర స్వరం కిందికి దించి, మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించండి. శ్రుతి ఎప్పటిదే వస్తుంది, తీగల బిగువు మాత్రం 11 శాతం దాకా తగ్గుతుంది. పైగా కాపో పెట్టాక నట్ ఎత్తుతో పనే లేదు. నెలనెలా శ్రుతి చేసే చేతికి ఇది ఎంత పని!

ఒక్క హెచ్చరిక. వేలి కొసల్లో చర్మం గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, వాయించడం మానేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. కాబట్టి ఇప్పుడు మళ్ళీ పట్టుకుంటే మొదటి రోజుల నొప్పి మొదటికొస్తుంది. దాన్ని చూసి "నాకు రాదు" పాట ఎత్తుకోకండి. ఆదివారం రెండు గంటలు కూర్చునే బదులు రోజూ పది నిమిషాలు చాలు. అటక మీదున్న గిటారుతో రోజూ పది నిమిషాలు ఎవరి వల్లా కాదు. కుర్చీ పక్కన నిలబెట్టండి.

ఇక బ్రెడ్. మీరు "ప్రతిసారీ ఒకటే కొలత" అన్నారు. కాదు. కప్పులో పిండిని తేలిగ్గా పోస్తే 120 గ్రాములుంటుంది, కప్పు ముంచి తీస్తే 150 తూగుతుంది. మూడు కప్పులంటే ఒక ఆదివారం 360 గ్రాములు, ఇంకో ఆదివారం 450. నీళ్ళు మాత్రం రెండుసార్లూ 280. మొదటి దాంట్లో నూరు పాళ్ళ పిండికి 78 పాళ్ళ నీళ్ళు, రెండో దాంట్లో 62. ఒకటి చేతికంటుకునే జారుపిండి, ఇంకోటి గట్టి ముద్ద. మీ ఇటుక రహస్యం చాలావరకు అక్కడే ఉందని నా అనుమానం. కాటా ఒకటి పెట్టుకుని పిండి 500 గ్రాములు, నీళ్ళు 325, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు తూచి చేసి చూడండి. బ్రెడ్ చేసేవాళ్ళు పిండిని నూరుగా పెట్టుకుని మిగతావన్నీ దాని మీద శాతాల్లోనే లెక్కేసుకుంటారు. పిండి రకాన్ని బట్టి నీళ్ళు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ, ఈసారి తేడా ఎక్కడొచ్చిందో మీకు తెలుస్తుంది. తెలియడమే ముఖ్యం. మీరు మానేసింది బ్రెడ్ చెడిపోయినందుకు కాదు, ఎందుకు చెడిపోయిందో అంతుపట్టనందుకు.

పొంగడానికి గడియారం చూడకండి, పిండిని చూడండి. ఉక్కపోసే రోజు గంటలో పొంగే ముద్ద చలిరోజున మూడు గంటలు తీసుకోవచ్చు. అచ్చులో పొంగాక వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకూ పూడాలి. టక్కున పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టే. అయిదో బ్రెడ్ సంగతి మీరే చెప్పేశారు, ఆత్రం ఆగక వేడిగా కోశానని. పొయ్యి నుంచి తీశాక కూడా లోపల ఇంకా ఆవిరి తిరుగుతూనే ఉంటుంది, చల్లారేకొద్దీ లోపలి గుజ్జు గట్టిపడుతుంది. ముందే కోస్తే బాగా కాలినది కూడా బంకగానే ఉంటుంది. గంటయినా ఆగాలి. అనుమానముంటే వంటింటి థర్మామీటర్ గుచ్చి చూడండి. మధ్యలో 93 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే కాలినట్టే. అది రాకముందే పైన ఎర్రబడుతుంటే ఆవెన్ డయల్ చూపే అంకె అబద్ధమాడుతోందేమో అనుమానించాలి. డయల్స్ అబద్ధమాడటం కొత్తేం కాదు.

షటిల్ గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే మీరే ఏమీ చెప్పలేదు. గిటారు గురించి రాసినప్పుడు తీగల చప్పుడు రాశారు. బ్రెడ్ గురించి రాసినప్పుడు మొదటిదాని వాసన గురించే నాలుగు వాక్యాలు రాశారు. షటిల్ పేజీలో ఆట లేదు. రాకెట్ ఉంది, బూట్లున్నాయి, "వాళ్ళంతా బాగా ఆడతారు, నా జోడీగా ఎవరు పడినా మొహం చిన్నబుచ్చుకుంటారు" అన్న మాట ఉంది. బాగా కొట్టిన ఒక్క దెబ్బ గురించైనా లేదు. నొప్పి వంక దొరికింది, మీరు హాయిగా తప్పుకున్నారు. తప్పేముంది? మిత్రులతో కాలక్షేపం కావాలనుకుని వెళ్ళారు, అక్కడ దొరికింది పోటీ.

మీరు మళ్ళీ ఆడాలనుకుంటే మాత్రం రాకెట్ తీగలు 20 నుంచి 24 పౌండ్ల మధ్యకు దించండి. 28 అంటే బలంగా, కచ్చితంగా కొట్టడం వచ్చినవాళ్ళకు. కొత్తవాళ్ళ చేతిలో ఆ బిగువు చెయ్యిని కుదిపేస్తుంది. షటిల్ కాక్ బరువు 5 గ్రాములు. దానికోసం పిడిని ఉడుంపట్టు పట్టక్కర్లేదు. కొట్టే క్షణంలో బిగించి, మిగతా సమయమంతా వదులుగా పట్టుకోవాలి. నొప్పి మళ్ళీ వస్తే ఫిజియోథెరపిస్టుకు చూపించండి, ఓర్చుకుని ఆడకండి. అయినా నన్నడిగితే ఆ రాకెట్‌ను వాడుకునేవాళ్ళకు ఇచ్చెయ్యండి. కళ్ళముందు అది వేలాడుతుంటే గిటారు మీదా బ్రెడ్ మీదా కూడా అపనమ్మకం పుడుతోంది. మూడూ ఒకే రకం ఓటములని మీరు ఒక మూట కట్టేశారు. మూట విప్పితే రెండు చిన్న చిక్కులూ, మీకసలు ఇష్టం లేని ఒక ఆటా బయటపడ్డాయి.

ఇప్పుడు మీ కార్ట్‌లో ఉన్న టెలిస్కోప్ దగ్గరికొద్దాం. మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఇక దేని జోలికీ పోకుండా ఉండటం మొదటిది. ఇంట్లో వేళాకోళం ఆగుతుంది, డబ్బు మిగులుతుంది. నిచ్చెన ఎక్కడం మాత్రం ఆగదు. శనిని చూసి నెలరోజులుగా రాత్రుళ్ళు దాని గురించే చదువుతున్న మనిషి ఆ ఉత్సాహాన్ని నొక్కేసుకుంటే అది ఇంకో రూపంలో, బహుశా చిరాకుగా, బయటికొస్తుంది. నేనైతే ఈ దారి పట్టమనను.

ఒకటి పూర్తి చేశాకే ఇంకోటి అన్నది రెండోది. వినడానికి బాగుంటుంది, ఇంట్లోవాళ్ళకూ నచ్చుతుంది. పూర్తి అన్నది లేని పనికి ఆ నియమం పెడితే అది శిక్షగా మారుతుందని పైన చెప్పాను. గిటారును టెలిస్కోప్‌కు టికెట్టుగా వాయించడం మొదలుపెడతారు. రెండు నెలల్లో రెంటి మీదా మనసు విరుగుతుంది. ఇందులో ఒక్క మంచి ఉంది, తొందర తగ్గిస్తుంది. ఆ మంచి కోసం నియమమే అక్కర్లేదు.

ఈ రాత్రే ఆర్డర్ పెట్టెయ్యడం మూడోది. మీకు స్తోమత ఉంది కాబట్టి కొంపలేమీ మునగవు. కాకపోతే టెలిస్కోప్‌కూ ఒక ఎఫ్ కార్డు ఉంటుంది. మీరు స్నేహితుడింట్లో చూసింది, ఆయన ముందే పెట్టి, వెతికి, సరిచేసి ఉంచిన శనిని. మీ సొంత టెలిస్కోప్‌తో మొదటి రాత్రి మీకు కనిపించేది బహుశా నల్లటి ఖాళీ. భూమి తిరుగుతుంది కదా, ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. వంద రెట్లు పెద్దగా చూపే కటకంలో కనిపించే ఆకాశం అర డిగ్రీ అనుకుంటే, గ్రహం ఆ కిటికీని రెండు నిమిషాల్లో దాటేస్తుంది. మీరు కూతుర్ని పిలుచుకొచ్చేసరికి అది వెళ్ళిపోయి ఉంటుంది. పైగా మబ్బులు, వీధి దీపాలు, ముట్టుకుంటే వణికే స్టాండ్. డబ్బా మీద వందల రెట్లు అని రాసి ఉంటే నమ్మకండి. టెలిస్కోప్‌లోని ప్రధాన అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపుకు మించి పెంచితే బొమ్మ మసకబారుతుంది. అంటే 60 మిల్లీమీటర్ల దానికి 120 రెట్లే హద్దు. చూడాల్సింది అద్దం వెడల్పునూ, స్టాండ్ గట్టితనాన్నీ. శని వలయాలు కనబడటానికి 25, 30 రెట్లే చాలు.

ఆ వలయాలకు కూడా ఓ పేచీ ఉంది. పదిహేనేళ్ళకోసారి, కాస్త అటూ ఇటూగా, అవి మనకు అంచువైపు తిరిగి గీతలా సన్నబడి కనిపించకుండా పోతాయి. 2025లో అలాగే అయింది. అప్పట్నుంచి మెల్లగా మళ్ళీ విచ్చుకుంటున్నాయి. 1610లో శనిని మొదట టెలిస్కోప్‌తో చూసిన గెలీలియోకు అవి వలయాలని తెలియలేదు, పక్కన ఇంకో రెండు గోళాలున్నాయనుకున్నాడు. 1612లో చూస్తే అవి మాయం! అది వలయమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో ప్రకటించేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. ఇదంతా మీకు ముందే తెలిసుండొచ్చు, నెలరోజులుగా చదువుతున్నారు కదా. నాకు చెప్పాలనిపించింది.

నాలుగోది అరువు. మీ స్నేహితుణ్ణి ఒక రాత్రి అడగండి. ఈసారి చూడటానికి కాదు, పెట్టడానికి. స్టాండ్ మీరే నిలబెట్టండి, చంద్రుణ్ణి మీరే వెతకండి, ఆ తర్వాత శనిని. ఆయన పక్కన కూర్చుని చూస్తూ ఉండాలి, చెయ్యి వెయ్యకూడదు. నలభై నిమిషాలు వెతుకులాట అయ్యాక మీకు విసుగు పుట్టిందా, ఇంకో పది నిమిషాలు వెతకాలనిపించిందా? ఆ జవాబుకు ఏ కార్ట్ కన్నా విలువెక్కువ. ఈలోగా ఎక్కడైనా 10×50 బైనాక్యులర్స్ (పదిరెట్లు పెద్దగా చూపేవి, ముందు కటకం 50 మిల్లీమీటర్లది) దొరికితే తెచ్చుకోండి. పదిరెట్లకు వలయాలు కనబడవు గానీ, చంద్రుడి మీది గుంటలూ, గురుడి పక్కన నాలుగు చందమామలూ కనబడతాయి, మోచేతులు గోడకు ఆనించి కదలకుండా పట్టుకుంటే. ఈ దారికి నష్టం లేదా అంటే ఉంది. ఉత్సాహం వేడిగా ఉన్నప్పుడే చెయ్యకపోతే చల్లారిపోతుందని మీకు భయం. నెలరోజులు ఆగితే చల్లారేదైతే, కొన్నాక అయిదో వారంలో చల్లారేదే. నా మొగ్గు ఈ దారి వైపని మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా మూడోది ఎంచుకున్నారని తెలిస్తే నేనేమీ బాధపడను. కాకపోతే ఇంట్లో చెప్పి కొనండి.

ఎందుకంటే ఇంట్లోవాళ్ళ సంగతి ఇంకా మాట్లాడుకోలేదు. మీ ఆవిడ మాట మీకు గుచ్చుకుంది. నిజమే, "మూణ్ణాళ్ళ ముచ్చట" అనే మాట చిన్నగా ఉన్నా మొన చాలా ఉంది. కానీ బ్రెడ్ పేజీలో మీరు పట్టించుకోకుండా రాసిన సంగతి ఒకటుంది. ఇటుకలాంటి ఆ మూడోదాన్ని పల్చగా కోసి, కాల్చుకుని తిన్నది ఆవిడే. మీరు మానేశాక రెండుసార్లు "ఈ ఆదివారం చెయ్యట్లేదా?" అని అడిగారు. మీరు రెండుసార్లూ తీరిక లేదన్నారు. ఆవిడ మీ ఆరంభాలను చూసి నవ్వడం లేదనిపిస్తోంది నాకు. మీరు మానేశాక రెండు వారాలపాటు ముభావంగా ఉండటం ఆవిడ చూసి ఉంటారు, మీకు తెలియకపోయినా. టెలిస్కోప్ అనగానే ఆవిడకు ఆ రెండు వారాలు గుర్తొచ్చి ఉండొచ్చు. ఇది నా ఊహే. నిజమో కాదో ఆవిడనే అడగాలి.

అడిగేటప్పుడు "ఈసారి మాననని మాటిస్తున్నా" అని మాత్రం అనకండి. ఆ మాట నిలవకపోతే సరదా కాస్తా అప్పుగా మారుతుంది. "నువ్వన్నమాట నాకు గుచ్చుకుంది, నవ్వేశాను గానీ నిద్రపట్టలేదు" అంటే చాలు. కార్ట్ సంగతీ చెప్పెయ్యండి. రాత్రుళ్ళు మీరు బయట నిలబడితే ఇంటి పనుల్లో మీ వంతు ఎవరి మీద పడుతుందో కూడా అప్పుడే మాట్లాడుకోండి. చాలా ఇళ్ళల్లో సరదా మీది విసుగు నిజానికి ఈ వంతు మీది విసుగే. మీ ఇంట్లో అలా కాకపోవచ్చు, అయినా అడిగితే పోయేదేమీ లేదు.

మీ అమ్మాయి గురించి ఒక్క మాటే. పదమూడేళ్ళ పిల్ల తండ్రి మీద జోకు వేస్తే దాన్ని తీర్పుగా తీసుకోకండి. అటక మీద చోటు లేదన్న పిల్లకు అటక మీద ఏమేమున్నాయో బాగా తెలుసన్నమాట.

ఇంకొకటి కూడా అడిగి వదిలేస్తాను. ఆఫీసు పనులు, బిల్లులు, ఇంటి బాధ్యతలు కూడా ఇలాగే సగంలో ఆగిపోతుంటే, లేదా ఏది చేసినా ఆనందమే పుట్టకపోతే అది వేరే విషయం, దానికి మానసిక నిపుణుల సలహా కావాలి. మీ ఉత్తరంలో ఆ ఛాయలు నాకు కనబడలేదు. పనులన్నీ వేళకు చేస్తానని మీరే రాశారు.

ఇక ఈ నెల గిటారు దించే రోజొచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. శ్రుతి చేశాక వెంటనే పైన పెట్టెయ్యకండి. అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు అడిగి తీసుకోండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద సందు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. తర్వాత ఎఫ్ ఆకారాన్ని అయిదో ఫ్రెట్ మీద పట్టి ఒకసారి మీటండి. సందు ఎంతుందో, అక్కడ ఎలా మోగిందో, ఈ రెండు సంగతులూ నాకు రాసి పంపండి. నాలుగు పేజీలు అక్కర్లేదు.